దోసెల మెట్టు మీద అమెరికా కోర్టు

మా మావయ్య తన జీవితంలో రంగూన్ దాటి వెళ్ళింది రెండేసార్లు. రెండూ పెళ్ళిళ్ళకే. మూడేళ్ళుగా కాగితాల మీద ఊరి పేరు యాంగోన్ అని రాస్తున్నాం గాని, ఇళ్ళల్లో ఇంకా రంగూన్ అనే అంటాం. అంత తక్కువ తిరిగిన మనిషి, ఊరి మధ్య పబేడాన్‌లో తన పప్పుల కొట్టులో మినపగోతాల మధ్య కూర్చుని, అమెరికా రాజ్యాంగానికి కాసిన కాపలా అంతా ఇంతా కాదు. ఆ దేశంలో ఒక న్యాయమూర్తికి జలుబు చేసిందని వింటే ఈయన ముఖం వాడిపోయేది.

నేను చెప్పబోయేది 1988 నాటి మాట. నాకప్పుడు నలభై మూడేళ్ళు. సేక్కాన్‌లో ఓడరేవు గోదాముల ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ, తామ్వే పేటలో ఒక అద్దె గదిలో ఉండేదాన్ని. దినచర్య పుస్తకంలో పైన తేదీ వేసి, కింద ఆ రోజు ఖర్చు కూడి గీత గీయనిదే నాకు నిద్ర పట్టదు. కాబట్టి ఇందులో రోజుల వరస తప్పదని హామీ ఇవ్వగలను. ఎవరు ఏ మాట అన్నారన్న దానికి మాత్రం నా చెవులే పూచీ.

మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. ఆయన కొట్టు ముందు వెడల్పాటి రాతి మెట్టు ఒకటి ఉంది. పైన రేకు చూరు వాలి ఉండడం వల్ల వానాకాలంలోనూ అది తడవదు. ఆ మెట్టు మీద ఉదయం పూట మా అత్త దోసెలు పోసి అమ్మేది. అత్త అంటే నాకు మేనత్త కాదు, మావయ్య భార్యా కాదు. మా తాతలు, ఆవిడ తాతలు భీమిలి వైపు నుంచి ఒకే ఓడ డెక్కు మీద ఈ ఊరు వచ్చారు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఒకరికొకరు ఏదో ఒక వరస కావాలని మా పెద్దలు నిర్ణయించుకున్నారు. రక్తసంబంధం లేనిచోట ఓడ సంబంధం సరిపోయింది. ఆ లెక్కన ఆవిడ మావయ్యకు వదిన, నాకు అత్త. ఆవిడ భర్త రేవులో మూటలు మోసేవాడు. ఆయన చనిపోయిన ఏడాది, మావయ్య తండ్రి ఆవిడను పిలిచి, ఆ మెట్టు మీద కూర్చుని ఏదైనా వండి అమ్ముకోమన్నాడు. తరవాత ఆ పెద్దాయనా పోయాడు. పొయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇక మిగిలింది దర్జీ. కొట్టు లోపల ఒక మూల మిషను వేసుకుని లుంగీలు కుట్టే ఆయన మావయ్యకు స్వయానా బావమరిది, నాకు బాబాయి వరస, దోసెల అత్తకు తమ్ముడి వరస. ఈ ముగ్గురికీ ఉదయం పూట వేరే పని ఉన్నా, అమెరికా లేనిదే అది ముందుకు సాగేది కాదు.

దానికి కారణం చెప్పాలి. ఆ రోజుల్లో మా పత్రికల్లో పంట దిగుబడులూ, ప్రారంభోత్సవాలూ తప్ప మరేమీ ఉండేవి కావు. బయటి ప్రపంచం సాయంకాలం విదేశీ రేడియోలో, బర్మీ భాషలో వచ్చేది. నిజానికి మా ఊళ్ళో ఏం జరుగుతోందో కూడా మాకు అందులోనే తెలిసేది. కాని మా ఊరి సంగతి వీధిలో గొంతెత్తి మాట్లాడటం క్షేమం కాదు. అమెరికా గురించి ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరూ వచ్చి పట్టుకోరు. అందుచేత మా సందువాళ్ళు పాలకుల్ని తిట్టాలన్నా, ఎన్నికలు కావాలన్నా, కోర్టులు ఇలా ఉండాలి అలా ఉండాలి అనాలన్నా, అంతా అమెరికా పేరు మీదనే అనేవారు.

ఆ ఏడాది అక్కడ అధ్యక్ష ఎన్నికలు. ఒక పార్టీ గుర్తు ఏనుగు, రెండో దాని గుర్తు గాడిద అని రేడియో చెప్పిన మర్నాడే మావయ్య పంపకం పూర్తిచేశాడు.

"ఏనుగు నాది. వినాయకుడి ముఖం. బర్మా రాజులు కూడా తెల్ల ఏనుగునే కొలిచేరు. నీకు గాడిద మిగిలింది, బావమరిదీ."

"మిగల్లేదు బావా, నాకదే కావాల," అన్నాడు బాబాయి, సూది దారం పళ్ళతో తెంపుతూ. "ఏనుగు ఊరేగుద్ది. బరువు మోసీది గాడిదే. మా అక్కని నీకిచ్చి సేసిన కాడి నుంచీ మీ ఇంటి బరువు ఎవుడు మోస్తన్నాడో సందులో అందరికీ తెలుసు."

ఆ విధంగా రెండు పార్టీలూ ఒకే కొట్టులో స్థిరపడ్డాయి. రోజుకో విషయం విచారణకు వచ్చేది. ఆ దేశంవాళ్ళు మద్యం తాగకూడదని రాజ్యాంగంలోనే రాసుకుని, పద్నాలుగేళ్ళ తరవాత తాగవచ్చని మళ్ళీ రాజ్యాంగంలోనే రాసుకున్నారని మావయ్య చెబితే, బాబాయి మిషను ఆపి, "నానూ పొద్దున్న రాసుకుని సాయంత్రానికి కొట్టేస్తన్నాను. దానికాళ్ళకి పద్నాలుగేళ్ళు పట్టిందేటి?" అని ఆశ్చర్యపోయాడు. అక్కడి పెద్ద కోర్టులో న్యాయమూర్తులు తొమ్మిదిమంది అన్నది మావయ్యకు మరీ ఇష్టమైన సంగతి. అంతకుముందు సంవత్సరమే మా ప్రభుత్వం పాత నోట్లు చెల్లవని ఒక్కసారిగా ప్రకటించి, నలభై అయిదు, తొంభై కయాట్ల నోట్లు అచ్చువేసింది. తొమ్మిది కలిసివస్తుందని ఎవరో పెద్దవాళ్ళు నమ్మడమే కారణమని ఊరంతా అనుకునేది. "చూసేరా, తొమ్మిదిని వాళ్ళు న్యాయానికి వాడుకున్నారు," అనేవాడు మావయ్య. అంతటితో ఆపేవాడు. మిగతాది మేము పూరించుకునేవాళ్ళం.

అత్త పొయ్యి దగ్గరనుంచే విచారణలో పాల్గొనేది. ఆ న్యాయమూర్తులను చనిపోయేవరకు ఎవరూ కుర్చీలోంచి దింపలేరని విన్న రోజున ఆవిడ పెనం మీద పిండి తిప్పుతూ, "సచ్చీవరకూ అదే కుర్సీయా? బాగుంది. నా పీటక్కూడా అలగే రాసెయ్యి మరిదీ," అంది. ఇంకోరోజు మావయ్య ఓట్ల లెక్క వివరించాడు. ఆ దేశంలో ప్రజల ఓట్లు వేరు, రాష్ట్రాల ఓట్లు వేరు. సరిగ్గా నూరేళ్ళ క్రితం, అక్కడి ఎనభై ఎనిమిదిలోనే, ప్రజల ఓట్లు ఎక్కువ వచ్చినాయన ఓడిపోయి, తక్కువ వచ్చినాయన అధ్యక్షుడయ్యాడు.

"ఎక్కువమంది కావాలన్నోడు ఓడిపోనాడేటి?" అంది అత్త.

"రాష్ట్రాల లెక్క వదినా, రాష్ట్రాల లెక్క."

"మరి అంతమంది సేతా ఓటేయించడం ఎందుకు మరిదీ?"

మావయ్య తరాజు అందుకున్నాడు. పప్పు కొనడానికి ఎవరో వచ్చారు.

ఇవన్నీ ఎన్ని చెప్పినా, ఆయన అసలు కథ మాత్రం ఒకటే. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టలేదు. నేను లెక్క పెట్టని విషయాలు తక్కువ. ఒక అధ్యక్షుడు తన గదిలో తాను మాట్లాడే మాటలన్నీ తానే టేపుల మీద రికార్డు చేయించుకున్నాడు. తరవాత ఒక నేరం బయటపడి, కోర్టు ఆ టేపులు తెమ్మంది. ఇవ్వనన్నాడు. పెద్ద కోర్టు దాకా వెళ్ళింది. ఆ న్యాయమూర్తుల్లో కొందరిని కుర్చీ ఎక్కించింది ఆయనే. ఆయన దగ్గర పనిచేసిన ఒకాయన తనకు తానుగా పక్కకు తప్పుకున్నాడు. మిగిలిన ఎనిమిదిమందీ ఒక్క గొంతుతో ఇవ్వాల్సిందే అన్నారు. టేపులు బయటికి వచ్చాయి. పదహారు రోజుల్లో అధ్యక్షుడు దిగిపోయాడు.

"శత్రువులు దించలేదు," అని మావయ్య ఇక్కడ వేలు పైకెత్తేవాడు. "తన గొంతే తనని దించింది. అదీ కోర్టంటే!"

ఆగస్టు వచ్చింది. ఎన్నికలు కావాలంటూ ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, రేవు ఆగిపోయింది, కోర్టులకు తాళాలు పడ్డాయి. నాకు పని లేకపోవడంతో రోజూ అత్తతో కలిసి తామ్వే నుంచి పబేడాన్‌కు నడిచేదాన్ని. బస్సులు లేవు. ఆవిడ తల మీద పిండి బిందె, నా చేతిలో చట్నీ గిన్నె. జైళ్ళు తెరిచారన్న వార్త, దోపిడీలన్న పుకారు వెంటవెంటనే వచ్చాయి. సందు చివర్లకు వెదురు కంచెలు కట్టి మగవాళ్ళు వంతులవారీగా కాపలా కాశారు. మావయ్యకు కంచె చాలలేదు. ఒక ఉదయం ఆయన మెట్టు అంచును టేపుతో కొలిచాడు. దర్జీ టేపే.

"వదినా, పొయ్యి ఇంకోచోట చూసుకోవాలి. ఇనప మడతగేటు పెట్టిస్తన్నాను. మెట్టు అంచు దాకా వస్తాది."

"ఇంకోసోటంటే ఏటి మరిదీ?"

"అంటే... ఏదో ఒకచోట."

ఆ ఏదో ఒకచోటు లేదని మా నలుగురికీ తెలుసు. సందులో ప్రతి మెట్టుకూ ఒక మనిషి ఉన్నాడు. రోడ్డు మీద ఆ నెలల్లో మోకాలి లోతు నీళ్ళు. తామ్వేలో ఆవిడ అద్దెకుండే చెక్కమేడ గదిలో పొయ్యి వెలిగించనివ్వరు. ఆ మెట్టు పోతే ఆవిడకు దోసెలు లేవు. దోసెలు లేకపోతే ఆవిడకు ఇంకేమీ లేదు.

అత్త ఏడవలేదు. పెనం మీద దోసె తిరగేసి అడిగింది: "మీ నాయిన నన్నిక్కడ కూకోమన్నాడా లేదా?"

"కూర్చోమన్నాడు. ఇచ్చెయ్యలేదు."

"కూకోమన్నాడు. లెగమని ఎప్పుడన్నాడో సెప్పు."

"మాట కాదు వదినా, అన్నవాళ్ళ ఉద్దేశం చూడాలి. అమెరికాలో రెండొందల ఏళ్ళుగా ఇదే తగువు."

"అయితే అక్కడే తేల్సుకుందాం," అంది అత్త. "ఈ ఊరి కోర్టులు మూసేసినారు. నీ అమెరికా కోర్టు రోజూ పొద్దున్నే తెరుత్తన్నావు గదా. నా కేసు అందులో ఎయ్యి."

బాబాయి మిషను చక్రం చేత్తో పట్టి ఆపేశాడు. మావయ్య అటూ ఇటూ చూశాడు. చుట్టూ దోసెలు తింటున్నవాళ్ళు పదిమంది ఉన్నారు. అన్నేళ్ళుగా ఆ కోర్టును పొగిడినది ఆ పదిమంది ఎదుటే.

"సరే," అన్నాడు. "కాని పద్ధతి ప్రకారం. పన్నెండుమంది జ్యూరీ. పన్నెండుమందీ ఒకే మాట మీదకు రావాలి. ఒక్కడు కాదన్నా తీర్పు లేదు. కక్షిదారులకు చుట్టాలు ఎవ్వరూ పనికిరారు."

నన్ను కోర్టు గుమాస్తాగా నియమించారు. జీతం రోజుకొక దోసె.

మావయ్య చేసిన పొరపాటు ఆ సాయంత్రానికే తెలిసింది. చుట్టాలు పనికిరారని చెప్పినప్పుడు ఆయన అమెరికాను తలుచుకున్నాడు గాని, మా ఓడను మరిచిపోయాడు. మొదట మిల్లుగుమాస్తాను పిలిచాం. "నువ్వు నాకేమవుతావు?" అని మావయ్య అడిగాడు. "తమ్ముణ్ణి గదా అన్నయ్యా," అన్నాడతను నొచ్చుకుంటూ. కోవెల పూజారి ఇద్దరికీ బాబాయి. అరటిపళ్ళ ముసలమ్మ మావయ్యకు అక్క, అత్తకు వదిన. ఎక్కడో తామ్వే చివర ఉన్న ఒక ఎలక్ట్రీషియన్‌ను, ఎవరికీ ఏమీ కాడన్న ఆశతో కబురంపి రప్పిస్తే, అతను వస్తూనే అత్త కాళ్ళకు దండం పెట్టి, "పిన్నీ, మా తాతకి ఓడలో జరమొస్తే మీ నాయనమ్మే గంజి పోసిందట," అన్నాడు. ఏ వరసా లేని తెలుగువాడు రంగూన్‌లో ఒక్కడూ దొరకలేదు. రెండు రోజుల పరిశోధనలో తేలిందల్లా, మేమందరం ఒకరికొకరం ఇంతకుముందు అనుకున్నదానికన్నా దగ్గరి చుట్టాలమని.

దాంతో జ్యూరీని ఇతరుల్లోంచి ఎంచాం. ఎదుటి టీకొట్టు బర్మీ పెద్దాయన, ఆయన్ని సందంతా ఊలే అంటుంది, అంటే చిన్నాన్న. పూలమ్మే తమిళావిడ, గొడుగులు బాగుచేసే గుజరాతీ, మంగలి, ఇలా పదకొండుమంది అయ్యారు. మావయ్య అభ్యంతరం చెప్పాడు.

"వీళ్ళందరూ ఆవిడ దోసెలు తిన్నవాళ్ళు. పక్షపాతం!"

"అందరూ నీ పప్పూ కొన్నోళ్ళే బావా," అన్నాడు బాబాయి. "ఆ పక్షపాతం ఇటు, ఈ పక్షపాతం అటు. సరిపోనాది."

పన్నెండో మనిషిగా మావయ్య పక్కవీధిలోని ఇనపసామాన్ల వ్యాపారిని తెచ్చాడు. దోసె తినడు, పప్పు కొనడు. ఇంతకన్నా నిష్పక్షపాతి లేడన్నాడు. బాబాయి లేచి, టేపు మెడలో వేసుకుని, వకీలులాగా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "గేటు ఎవరి దగ్గర సేయిస్తన్నావు బావా?" ఇనపసామాన్ల వ్యాపారి మర్యాదగా నవ్వి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇక ఎవరూ లేరు. కేసు కొట్టివేసినట్టే అనుకుంటుండగా అత్త అంది: "ఉన్నాడు. నా దోసె ఒక్కటీ తిన్నోడు కాడు, ఈ కొట్లో పప్పు ఒక్కనాడూ కొన్నోడు కాడు. నువ్వే కూకో మరిదీ."

నిజమే. ఇన్నేళ్ళలో మావయ్య ఆ దోసె రుచి చూడలేదు. దోసెలకు మినపప్పు అత్త ఆయన దగ్గరే కొనేది; తన పప్పు తానే డబ్బిచ్చి కొనుక్కుని తినడం వ్యాపారికి సిగ్గుచేటని ఆయన సిద్ధాంతం. ఊరికే తినడం అంతకన్నా సిగ్గుచేటు.

"ఎవడి కేసుకి వాడే జడ్జీయేటే అక్కా?" అని బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కడు కాదంటే పోద్ది. ఆడు కాదంటాడు!"

"అనొచ్చు," అంది అత్త. "ఆ అధ్యక్షుడు ఎక్కించినోళ్ళు అతగాడి మీదే తీర్పు సెప్పేరని ఈ మడిసే గదా సెప్పినాడు. సూద్దాం."

మావయ్య చొక్కా గుండీలు సవరించుకున్నాడు. కాదనడానికి ఆయన గౌరవం ఒప్పుకోలేదు.

సెప్టెంబరు పదిహేడు, శనివారం వాదనలు విన్నారు. తీర్పు ఆదివారం సాయంత్రం అయిదింటికి అని నేను పలక మీద రాసి వేలాడదీశాను. ఆదివారం నాలుగు గంటలకు రేడియోలో సైనిక సంగీతం వచ్చింది. సైన్యం అధికారం తీసుకుందని ప్రకటించారు. జ్యూరీ సగం దారిలోంచే వెనక్కు తిరిగింది.

ఆ వారం నా దినచర్యలో తేదీలు మాత్రమే ఉన్నాయి. కింద కూడికలు లేవు. తామ్వేలో తలుపులు వేసుకుని కాల్పులు విన్నాం. అత్త రుబ్బిన పిండి పులిసి పొంగింది. దాన్ని నా గదిలో, నా కిరసనాయిలు పొయ్యి మీద పోసుకుని తిన్నాం. మా సందులోంచి ఊరేగింపుకు వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ళలో ఒకతనికి ఆవిడ ముందురోజు రెండు దోసెలు ఆకులో కట్టి ఇచ్చింది. పులిసిన దోసె చేతిలో పట్టుకుని, "ఆడికి కారం పొడి ఎక్కువ కావాల," అంది.

మేము తిరిగి పబేడాన్ చేరేసరికి వెదురు కంచెలు లేవు. సందు మొదట్లో సైనికులు నిలబడి ఉన్నారు. అయిదుగురు, అంతకు మించి ఒకచోట గుమిగూడరాదని ఆజ్ఞ. మావయ్య ముఖంలో భయమూ, ఊరటా సమానంగా కనిపించాయి.

"పన్నెండుమంది జ్యూరీ ఇప్పుడు నేరం వదినా. కేసు ముగిసింది. గేటు మనిషి వచ్చే వారం వస్తాడు."

"తీర్పు రాకుండా గేటెలా వస్తాది బావా?" అన్నాడు బాబాయి. "అయిదుగురు కూడదన్నారు, నలుగురు కూడదన్లేదు. ముగ్గురేసి రమ్మందాం. అక్కతో కలిపి నలుగురు. దోసె తింటా మాట సెప్పి పోతారు."

అమెరికా న్యాయశాస్త్రంలో ఇలాంటి ఏర్పాటు ఉందో లేదో నాకు తెలియదు. మా జ్యూరీ ఆ విధంగానే నడిచింది. మొదటి రోజు ముగ్గురు వచ్చి, మెట్టు మీద కూర్చుని, తింటూ గొంతు తగ్గించి, పొయ్యి ఉండాలన్నారు. రెండో రోజు ముగ్గురూ అదే అన్నారు. మావయ్య లోపలినుంచి వింటూ, "నేనింకా చెప్పలేదు," అని గుర్తుచేస్తూ వచ్చాడు.

మూడో రోజు ఊలే, పూలావిడ, గొడుగుల గుజరాతీ. ఊలే మాత్రం తీర్పు చెప్పకుండా, ఇంకా ఆలోచిస్తున్నానంటూ మూడో దోసె అడిగాడు. మావయ్యకు ఓపిక నశించింది. గడప దాకా వచ్చి, జ్యూరీ సభ్యుడు ఎలా నడుచుకోవాలో ఆయనకు బర్మీలో వివరించడం మొదలుపెట్టాడు. గొంతు కాస్త పెరిగింది.

సందు మొదట్లోనుంచి ఒక సైనికుడు నడిచి వచ్చి మెట్టు ముందు ఆగాడు. తుపాకీ భుజం మీదే ఉంది. వేలు చాపి లెక్కపెట్టాడు: మెట్టు మీద ముగ్గురు, పొయ్యి దగ్గర అత్త, గడపలో మావయ్య, మిషను దగ్గర బాబాయి, గోతాల పక్కన నేను. ఏడుగురు. పెనం మీద దోసె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ తిప్పలేదు.

మావయ్య బర్మీలో అన్నాడు, ఒక్కొక్క మాటా విడదీసి: "బాబూ, నేను కొట్టువాణ్ణి. కొట్టులో మేము ముగ్గురం. మెట్టు నా కొట్టులోది కాదు. అది ఈ అమ్మది, వేరే చోటు. అక్కడ నలుగురే."

సైనికుడు గడపను చూశాడు. తరవాత మావయ్య కాళ్ళను చూశాడు. రెండు పాదాలూ గడపకు లోపలే ఉన్నాయి. మళ్ళీ ఒకసారి వేలితో ముగ్గురు, నలుగురు అని విడివిడిగా లెక్క చూసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఊలే నెమ్మదిగా చెయ్యి కడుక్కుని, పొయ్యి ఉండాలని చెప్పి వెళ్ళాడు. మిగిలిన ఇద్దరూ అదే చెప్పి వెళ్ళారు. అత్త మాడిన దోసెను అట్లకాడతో గీకింది. అప్పుడు బాబాయి, తలెత్తకుండానే, మిషను తొక్కుతూ అన్నాడు:

"టేపు తిరిగింది బావా. నీ గొంతే."

మావయ్య లోపలికి వెళ్ళి గోతాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు ఇద్దరే మిగిలారు, మంగలీ ఇంకొకాయనా. వాళ్ళు తిని, చెప్పి, మూడో చోటు ఖాళీగా ఉంచి కూర్చున్నారు. మావయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గడప దాటి మెట్టు మీద, పొయ్యికి ఎదురుగా కూర్చున్నాడు. ఆ చోటునుంచి తన కొట్టును ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. కాసేపు దాన్నే చూశాడు.

"తిన్నాక సెప్తావా, సెప్పాక తింటావా?" అంది అత్త.

"తిన్నాక చెబితే దోసెకి లొంగేనంటాడు నా బావమరిది."

"అయితే ముందే సెప్పు."

"ముందే చెబితే..." అని గడప వైపు చూశాడు. "నిన్న సైనికుడి ముందు నేనొక మాట అన్నాను. తుపాకీ ఎదురుగా అన్న మాట చెల్లదని వాదించొచ్చు."

"అమెరికాలో సెల్లదు బావా," అన్నాడు బాబాయి. ఆయన ముఖంలో మొదటిసారి భయం చూశాను. అక్క కేసు చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోతుందేమోనని. "బలవంతం కిందకొస్తాది. నువ్వే సెప్పినావు."

"చెప్పేను. కాని వాడు తుపాకీ ఎత్తలేదు, లెక్కెట్టేడు అంతే. అబద్ధమే చెప్పాలంటే చాలా ఉన్నాయి. వీళ్ళు బేరానికొచ్చేరనొచ్చు, వదినని రేపటి నుంచి రావద్దన్నాననొచ్చు." పాదం కింద రాయిని బొటనవేలితో రుద్దాడు. "నాకు ముందుగా నోటికొచ్చింది అదే. మెట్టు ఆవిడదని. అంటే అది లోపల ఎప్పట్నుంచో ఉంది."

అత్త గరిటెతో పిండి కలిపింది.

"పన్నెండో ఓటు," అన్నాడు మావయ్య. "పొయ్యి ఉండాల."

అత్త పిండి తీసుకుని పెనం మీద వేసి, గరిటె తిప్పింది. దోసె గుండ్రంగా రాలేదు. మావయ్య మొదటి ముక్క తుంచి, చట్నీ అద్ది, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి, వ్యాపారి ముఖం పెట్టాడు.

"పప్పు నాదే. తెలుస్తంది."

"రుబ్బింది నాను," అంది అత్త. "ఇంకోటి ఏస్తాను, డబ్బులు మాత్రం ఇయ్యాల."

ఇచ్చాడు. ఆ రోజు నా దినచర్యలో కూడికలు మళ్ళీ మొదలయ్యాయి.

గేటు వచ్చింది. మెట్టుకు లోపల, గడప వెంబడి దాన్ని బిగించారు. అది మడత పడడానికి జాగా కావలసి రావడంతో రెండు శనగగోతాలకు చోటు లేకుండా పోయింది. అవి బాబాయి మిషను కింద చేరాయి. ఆయన ఇప్పటికీ వాటి మీద ఒక కాలు ఆనించే కుడతాడు. అమెరికా రాజ్యాంగం తనకు రెండు గోతాల నష్టం తెచ్చిందని మావయ్య కొనేవాళ్ళకు చెబుతూ ఉంటాడు. చెప్పేటప్పుడు ఆయనకు పెద్ద బాధగా ఉన్నట్టు కనిపించదు. నవంబరులో ఏనుగు గెలిచింది. రేడియో గొంతు బాగా తగ్గించి విన్నాం. ఆయన కూడా గొంతు తగ్గించే సంబరపడ్డాడు. ఆ పూట డబ్బిచ్చి నాలుగు దోసెలు తిన్నాడు.

ఆ తరవాత రెండేళ్ళకు ఇక్కడా ఓట్లు వేయించారు. మేమూ వరసలో నిలబడ్డాం, లెక్కలూ పెట్టారు, ఎవరు గెలిచారో ఊరందరికీ తెలిసింది. రోజులు గడిచాయి, కుర్చీలో మాత్రం ఎవరూ మారలేదు. ఒక ఉదయం అత్త తన మెట్టు మీద పొయ్యి రాజేస్తూ, వీధిలోకి వినబడేంత స్పష్టంగా అడిగింది:

"మరి అంతమంది సేతా ఓటేయించడం ఎందుకు మరిదీ?"

మావయ్య గేటు మడత పెడుతూ సందు మొదటివైపు చూశాడు. "అమెరికాలో అని చేర్చు వదినా."

"అమెరికాలో," అంది అత్త, పెనం మీద నీళ్ళు చల్లుతూ.